కడితేనే బొమ్మ: పే-పర్-వ్యూ నడిచిన దారి

(మీడియా విద్యార్థుల ముందు చేసిన ప్రసంగానికి అక్షరరూపం. మాట్లాడిన తీరును వీలైనంతవరకు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. మీ సార్ ఫోన్ చేసి "ఓటీటీ గురించి మాట్లాడండి" అన్నారు. ఓటీటీ గురించి నాకంటే మీకే ఎక్కువ తెలుసు. అందుకని దానికంటే వయసులో చాలా పెద్దదైన పే-పర్-వ్యూ గురించి చెబుతానన్నాను. నెల చందా ఉండదు. ఒక్క కార్యక్రమానికి, ఒక్కసారి డబ్బు కట్టి, ఇంట్లో కూర్చుని చూడటం. నేను కేబుల్ రంగంలో హెడ్‌ఎండ్ దగ్గర, అంటే ఛానళ్లన్నీ ఒకచోట పట్టి ఇళ్లకి పంపే కేంద్రంలో పనిచేసినవాణ్ని. మాకు తెర మీద హీరో ఎవరన్నది తర్వాత సంగతి. సిగ్నల్ ఎవరింటికి వెళ్తోంది, డబ్బు ఎవరింటి నుంచి వస్తోంది అన్నదే ముందు చూసుకుంటాం. ఈ కథ కూడా అటు వైపు నుంచే చెబుతాను.

టూరింగ్ టాకీస్ మీలో ఎంతమంది చూశారో తెలీదు. చుట్టూ డేరా, ఒక గేటు, గేటు దగ్గర టికెట్ చింపే మనిషి. వ్యాపారానికి అంతే చాలు. టీవీ సిగ్నల్‌కి డేరా లేదు. గాల్లో వెళ్తుంది, యాంటెన్నా ఉన్న ప్రతి ఇంట్లోకీ దూరుతుంది. మరి గేటు ఎక్కడ పెట్టాలి? టికెట్ ఎవరు చింపాలి? అమెరికా వాళ్లు ఈ ప్రశ్నతో 1950ల నుంచే కుస్తీ పట్టారు.

1951 జనవరిలో షికాగోలో జెనిత్ అనే టీవీ సెట్ల కంపెనీ ఒక ప్రయోగం చేసింది. పేరు ఫోన్‌విజన్. 300 కుటుంబాలు, 90 రోజులు, సినిమాకి ఒక డాలరు. బొమ్మని కావాలనే చెడగొట్టి ప్రసారం చేసేవాళ్లు. మామూలు సెట్‌లో అది అటూ ఇటూ వణుకుతూ కనిపించేది. చూడాలనుకున్నవాళ్లు టెలిఫోన్ ఆపరేటర్‌కి ఫోన్ చేసి ఫలానా సినిమా కావాలని చెప్పాలి. అప్పుడు ఆ ఇంటి ఫోన్ తీగ గుండా ఒక సిగ్నల్ వచ్చి బొమ్మని నిలబెట్టేది. ఆలోచన చూడండి, ఎంత తెలివైనదో. బొమ్మ గాల్లో అందరికీ, తాళంచెవి మాత్రం తీగలో ఒక్కరికి. ఇవాళ మీ ఇంట్లో డీటీహెచ్ పెట్టె చేసే పని కూడా సూత్రంలో ఇదే.

మరి ఎందుకు నిలబడలేదు? హాలీవుడ్ స్టూడియోలు కొత్త సినిమాలు ఇవ్వలేదు. రెండేళ్ల పాత సినిమాలు ఇచ్చాయి. థియేటర్ యజమానులతో గొడవ ఎందుకని వాళ్ల భయం. ఈ భయాన్ని గుర్తుపెట్టుకోండి. మన దగ్గర 2013లో కూడా ఇదే భయం కనిపిస్తుంది.

1953లో కాలిఫోర్నియాలోని పామ్ స్ప్రింగ్స్‌లో టెలిమీటర్ వచ్చింది. టీవీ పక్కన చిల్లర వేసే డబ్బా. సరిపడా నాణేలు వేస్తే బొమ్మ కుదురుకుంటుంది. ఇంటింటికీ తిరిగి ఆ డబ్బాలు ఖాళీ చేసుకురావడానికి మనుషులు కావాలి. కలెక్షన్‌కి తిరిగిన కేబుల్ కుర్రాళ్లని అడిగితే ఆ పనిలో ఉన్న బాధ చెబుతారు. ఇంటికి వెళ్తే తాళం, రేపు రమ్మంటారు, రేపు వెళ్తే మళ్లీ తాళం. (నవ్వులు) అదీ ఎక్కువ కాలం నడవలేదు. స్కియాట్రాన్ అనే ఇంకో కంపెనీ చిల్లులు పొడిచిన అట్టకార్డులతో ప్రయత్నించింది. కనెక్టికట్‌లోని హార్ట్‌ఫర్డ్‌లో 1962 నుంచి 1969 దాకా ఫోన్‌విజన్‌నే మెరుగుపరచి నడిపారు. వీటి వివరాల్లోకి వెళ్లను. అన్నిటిదీ ఒకే జబ్బు. కొత్త సరుకు దొరకదు, వసూలు ఖర్చు ఎక్కువ.

కానీ 1964లో కాలిఫోర్నియాలో జరిగింది మాత్రం వివరంగా చెప్పాలి. ప్యాట్ వీవర్ అనే ఆయన ఎన్‌బీసీ నెట్‌వర్క్‌కి అధ్యక్షుడిగా చేసి బయటికొచ్చినవాడు. నటి సిగోర్నీ వీవర్ తండ్రి. ఆయన లాస్ ఏంజెలిస్‌లో, శాన్‌ఫ్రాన్సిస్కోలో తీగ ద్వారా డబ్బు టీవీ మొదలుపెట్టాడు. డాడ్జర్స్, జెయింట్స్ బేస్‌బాల్ మ్యాచ్‌లు ఆయన సరుకు. థియేటర్ల వాళ్లు ఊరుకోలేదు. "ఉచిత టీవీని కాపాడండి" అని ఊరూరా ప్రచారం చేసి, సంతకాలు సేకరించి, విషయాన్ని బ్యాలెట్ మీదికి ఎక్కించారు. ఆ నవంబర్ ఎన్నికల్లో ప్రజలు భారీ మెజారిటీతో డబ్బు టీవీ వద్దని ఓటేశారు. టీవీ కార్యక్రమానికి డబ్బు తీసుకోవచ్చా లేదా అని ఒక రాష్ట్రం మొత్తం ఓటేయడం నాకు ఇప్పటికీ విడ్డూరంగానే ఉంటుంది. 1966లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఈ నిషేధం వాక్‌స్వాతంత్ర్యానికి విరుద్ధమని కొట్టేసింది. ఏం లాభం? కంపెనీ అప్పటికే మునిగిపోయింది.

అక్కడ ప్రసారాలకి నిబంధనలు పెట్టే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ కూడా తక్కువ తినలేదు. ఉచిత టీవీలో వచ్చే ఆటల్ని, మరీ కొత్తవీ మరీ పాతవీ కాని సినిమాల్ని డబ్బు టీవీ లాక్కోకూడదని నిబంధనలు పెట్టింది. 1977లో హెచ్‌బీఓ అనే కేబుల్ ఛానల్ కోర్టుకెక్కి వాటిని కొట్టేయించింది.

ఈలోగా ఇంకో దారిలో అసలు వ్యాపారం పెరిగింది. అదే బాక్సింగ్. 1951 జూన్‌లో జో లూయిస్, లీ సావోల్డ్ ఫైట్‌ని ఇళ్ల టీవీలకి ఇవ్వకుండా కొన్ని నగరాల్లో సినిమా హాళ్ల తెరల మీద చూపించారు. క్లోజ్డ్ సర్క్యూట్ అంటారు. హాలుకి గేటు ఎలాగూ ఉంది, టికెట్ చింపే మనిషీ ఉన్నాడు. తాళం సమస్యే లేదు. 1971 మార్చి 8న మహమ్మద్ అలీ, జో ఫ్రేజియర్ న్యూయార్క్‌లో తలపడ్డప్పుడు చెరొకరికీ 25 లక్షల డాలర్లు గ్యారంటీగా ఇచ్చారు. ఆ రోజుల్లో కళ్లు తిరిగే మొత్తం. స్టేడియం టికెట్లతో ఆ డబ్బు రాదు. దూరంగా ఉన్న హాళ్లలో, తెర ముందు కూర్చున్న జనం కట్టారు.

1975లో వీళ్లిద్దరూ మనీలాలో మూడోసారి తలపడ్డారు. ఆ ఫైట్‌ని హెచ్‌బీఓ ఉపగ్రహం ద్వారా దూర దూరపు కేబుల్ హెడ్‌ఎండ్లకి పంపింది. మా రంగానికి అది పెద్ద మలుపు. అప్పటిదాకా కేబుల్ అంటే కొండ మీద యాంటెన్నా పెట్టి లోయలో ఊరికి తీగలు లాగడం. ఆ తర్వాత ఒక డిష్ ఉంటే చాలు, ప్రపంచంలో ఎక్కడి సరుకైనా దిగుతుంది. హెచ్‌బీఓది నెల చందా అనుకోండి, పే-పర్-వ్యూ కాదు. కానీ సరుకు రవాణా సమస్య అక్కడ తీరింది.

ఇక మిగిలింది వసూలు. 1977 డిసెంబర్‌లో ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో వార్నర్ కేబుల్ 'క్యూబ్' మొదలుపెట్టింది. మన థియేటర్లలో ప్రొజెక్షన్‌కి వాడే క్యూబ్ వేరు, దీనికీ దానికీ సంబంధం లేదు. 30 ఛానళ్లు, ఒక్కో ఇంటికి బటన్ల పెట్టె. తీగలో సమాచారం రెండు వైపులా నడిచేది. కంపెనీ కంప్యూటర్ ప్రతి 6 సెకన్లకీ ఒక్కో ఇంటినీ పలకరించి ఏం చూస్తున్నారో రాసుకునేది. సినిమా ఛానల్ బటన్ నొక్కితే నెల బిల్లులో ఆ సినిమా ధర పడిపోతుంది. చిల్లర డబ్బా లేదు, ఆపరేటర్‌కి ఫోన్ చేయక్కర్లేదు. అద్భుతం. అయితే రెండు వైపులా నడిచే తీగ, యాంప్లిఫైయర్లు చాలా ఖరీదు. అంత పెట్టుబడి పెట్టి ఊళ్లన్నిటికీ వేయలేకపోయారు.

చివరికి దేశమంతా పాకింది మధ్యరకం పద్ధతి. ప్రతి పెట్టెకీ ఒక చిరునామా, అంటే ఒక నంబరు. హెడ్‌ఎండ్ నుంచి "ఫలానా నంబరు పెట్టె, రాత్రి 9 గంటలకి తెరుచుకో" అని ఆదేశం వెళ్తుంది. ఆర్డర్ మాత్రం ఫోన్‌లో ఇవ్వాలి. ఇక్కడే మా వాళ్ల టెన్షన్ అంతా. మనుషులు ఎప్పుడు ఆర్డర్ ఇస్తారు? చివరి అరగంటలో. శనివారం రాత్రి ఫైట్ మొదలయ్యే ముందు వేలమంది ఒకేసారి ఫోన్లు. లైన్లు జామ్. దొరకని ప్రతి లైనూ పోయిన డబ్బే, ఎందుకంటే ఫైట్ అయ్యాక ఎవడూ కొనడు. 1980ల్లో ఫోన్ కంపెనీలు దీనికి ఉపాయం కనిపెట్టాయి. మీరు ఒక నంబరుకి కాల్ చేస్తే చాలు. ఎవరూ మాట్లాడరు. మీ ఫోన్ నంబరుని బట్టి యంత్రమే ఇల్లు గుర్తుపట్టి ఆర్డర్ వేసేస్తుంది. మిస్డ్ కాల్ ఇచ్చి పని జరిపించుకోవడం మనమే కనిపెట్టామని మురిసిపోతాం గానీ, వాళ్లూ దాదాపు అదే చేశారు. (నవ్వులు)

1985లో వ్యూయర్స్ చాయిస్, రిక్వెస్ట్ టెలివిజన్ అని రెండు జాతీయ పే-పర్-వ్యూ సర్వీసులు వచ్చాయి. అదే ఏడాది కుస్తీల కంపెనీ, అప్పటి డబ్ల్యూడబ్ల్యూఎఫ్, ఇందులోకి దిగింది. 1991లో హెచ్‌బీఓ బాక్సింగ్ కోసమే ప్రత్యేకంగా ఒక పే-పర్-వ్యూ విభాగం పెట్టింది. 1993 నవంబర్‌లో డెన్వర్‌లో యూఎఫ్‌సీ, అంటే బాక్సింగ్, కుస్తీ, కరాటే లాంటివన్నీ కలిపి ఆడించే ఫైట్ల సంస్థ, పుట్టిందే పే-పర్-వ్యూ కోసం.

జాగ్రత్తగా చూస్తే ఒక సంగతి కనబడుతుంది. మొదట అందరూ అమ్మాలనుకున్నది సినిమా. అమ్ముడుపోయింది ఫైట్. నా లెక్కలో ఈ రంగం మొత్తానికి కీలకం ఇదే. సినిమా ఆరు నెలలాగితే వీడియో షాపులో చవగ్గా దొరుకుతుంది, ఏడాదికి టీవీలో ఊరికే వస్తుంది. ఆగగలిగినవాడు ఆగుతాడు. ఫైట్ ఫలితం మర్నాడు పొద్దున్నే పేపర్లో ఉంటుంది. తెలిసిపోయాక దాని విలువ సున్నా. పే-పర్-వ్యూలో మనిషి కొనేది బొమ్మని అనుకుంటాం గానీ, అసలు కొంటున్నది "ఇంకా తెలియని ఆ గంట"ని. 1988లో మైక్ టైసన్ మైకేల్ స్పింక్స్‌ని 91 సెకన్లలో పడగొట్టాడు. డబ్బు కట్టినవాళ్లు కుర్చీలో సర్దుకునేలోపే అయిపోయింది. అయినా తర్వాతి టైసన్ ఫైట్లకి మళ్లీ కట్టారు. 1997లో టైసన్ తన ప్రత్యర్థి హోలీఫీల్డ్ చెవిని కొరికిన ఫైట్‌ని 19.9 లక్షల ఇళ్లు కొన్నాయి.

దీనికి ఎదురు ఉదాహరణ 1992 బార్సిలోనా ఒలింపిక్స్. ఎన్‌బీసీ, కేబుల్‌విజన్ కలిసి ఎరుపు, తెలుపు, నీలం అని మూడు ఛానళ్లు పెట్టి, 15 రోజులకి 125 డాలర్లు అన్నాయి. ఒక్క ప్రకటన కూడా రాదు, పోటీలన్నీ పూర్తిగా చూడొచ్చు. వినడానికి బాగానే ఉంది. కానీ ముఖ్యమైన పోటీలు అదే ఎన్‌బీసీలో ఉచితంగా వస్తున్నాయి. పక్క ఛానల్లో ఊరికే వచ్చేదానికి ఎవడు కడతాడు? దాదాపు 10 కోట్ల డాలర్లు నష్టం. పైన కూర్చున్నవాళ్లలో ఈ ప్రశ్న ఎవరూ అడగకుండా అంత డబ్బు ఎలా పెట్టారో నాకు అంతుపట్టదు.

డబ్బు ఎలా పంచుకుంటారు? మామూలు పద్ధతిలో కేబుల్ లేదా డీటీహెచ్ కంపెనీ సగం దాకా ఉంచుకుంటుంది. మిగతాది ప్రమోటర్‌కి, ఫైట్ తీసే ఛానల్‌కి. పెద్ద బాక్సర్లు గ్యారంటీ మీద, అమ్మిన ప్రతి ఇంటి మీదా కొంత వాటా రాయించుకుంటారు. బార్లు, క్లబ్బులకి రేటు వేరు. హాలులో ఎంతమంది పడతారో లెక్కేసి అంత తీసుకుంటారు. 2015 మే 2న మేవెదర్, పాక్వియావ్ ఫైట్‌కి హెచ్‌డీలో దాదాపు 100 డాలర్లు పెట్టారు. 46 లక్షల ఇళ్లు కొన్నాయి. అమెరికాలో పే-పర్-వ్యూ రాబడే 40 కోట్ల డాలర్లు దాటింది. ఆ రాత్రి ఏం జరిగిందో తెలుసా? చివరి నిమిషం ఆర్డర్ల తాకిడికి కేబుల్ కంపెనీల సిస్టమ్‌లు మొరాయించాయి. బాక్సర్లిద్దరినీ ఆపి, ఫైట్‌నే ఆలస్యంగా మొదలుపెట్టారు. టెక్నాలజీ ఎంత మారినా చివరి అరగంట జబ్బు మారలేదు. ఇంకో పక్క జనం తమ టీవీ ముందు ఫోన్ పట్టుకుని, అప్పుడే కొత్తగా వచ్చిన పెరిస్కోప్ యాప్‌లో లైవ్ పెట్టేశారు. తాళం ఎంత గట్టిదైనా, తలుపు తీసినవాడే లోపలి నుంచి చూపిస్తుంటే ఏం చేస్తాం?

తాళం అన్నాను కాబట్టి, ఇప్పుడు అది ఎలా పనిచేస్తుందో టూకీగా చెబుతాను. డీటీహెచ్‌లో సిగ్నల్ అందరి డిష్ మీదా ఒకేలా పడుతుంది, కానీ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. దాన్ని విప్పే రహస్య సంఖ్య సుమారు 10 సెకన్లకోసారి మారుతుంది. ఆ సంఖ్య కూడా సిగ్నల్‌తోనే వస్తుంది, అదీ తాళం వేసే ఉంటుంది. మీ వ్యూయింగ్ కార్డుకి హక్కు ఉంటేనే ఆ రెండో తాళం తెరుచుకుంటుంది. మీరు సినిమా కొన్నారనుకోండి. కంపెనీ సర్వర్ మీ కార్డు నంబరు మీద ఒక అనుమతి సందేశాన్ని ఉపగ్రహం గుండా వదులుతుంది. దేశంలోని అన్ని పెట్టెలకీ అది వినిపిస్తుంది, మీ కార్డు ఒక్కటే అందుకుంటుంది. అందుకే రీచార్జ్ చేశాక పెట్టె ఆన్‌లో ఉంచమంటారు. ఆఫ్‌లో ఉంటే ఆ సందేశం వినదు కదా. మ్యాచ్ మధ్యలో తెర మీద ఎక్కడో ఒక పొడుగాటి నంబరు వచ్చి మాయమవడం మీరంతా చూసే ఉంటారు. చాలామంది దాన్ని పాడైన సిగ్నల్ అనుకుంటారు. అది ఫింగర్‌ప్రింట్, అంటే మీ పెట్టె గుర్తు. మీ టీవీని ఎవరైనా తీసి నెట్‌లో పెడితే ఆ నంబరుతో ఇల్లు దొరుకుతుంది.

ఇక మన దగ్గరికి వద్దాం. పాత అనలాగ్ కేబుల్‌లో ఇది అసాధ్యం. వీధంతా ఒకే తీగ, అందరికీ అవే ఛానళ్లు. బాకీ పడితే తీగ కోయడం తప్ప మా చేతిలో ఇంకో ఆయుధం లేదు. డిష్ టీవీ 2003లో, టాటా స్కై 2006లో వచ్చాక మొదటిసారి ఇంటింటి తాళం వచ్చింది. హైదరాబాద్, విశాఖపట్నం కేబుల్‌కి సెట్‌టాప్ బాక్స్ తప్పనిసరి అయింది 2013 మార్చి గడువుతో. టాటా స్కై 'షోకేస్' పేరుతో సినిమాలు అమ్మింది.

అదే 2013 జనవరిలో కమల్ హాసన్ 'విశ్వరూపం'ని థియేటర్ల కంటే ముందు రోజు రాత్రి డీటీహెచ్‌లో ఒక్క ఆట వేస్తానన్నారు. తమిళానికి 1000 రూపాయలు. ఇంటిల్లిపాదీ చూస్తారు కాబట్టి అది ఎక్కువేం కాదని ఆయన వాదన. లెక్క ప్రకారం అది నిజమే, నలుగురు మల్టీప్లెక్స్‌కి వెళ్తే అంతకంటే ఎక్కువే అవుతుంది. తమిళనాడు థియేటర్ల వాళ్లు అలాగైతే మా హాళ్లలో ఆ సినిమానే వెయ్యం అన్నారు. చివరికి ఆయనే వెనక్కి తగ్గి ముందు థియేటర్లకే ఇచ్చారు. షికాగోలో 1951 నాటి కథ చెన్నైలో రిపీట్ అయింది.

2020 లాక్‌డౌన్‌లో థియేటర్లు మూతపడ్డప్పుడు మన రాంగోపాల్ వర్మ ఒక చిన్న సినిమాని ఆన్‌లైన్‌లో 100 రూపాయలకి నేరుగా అమ్మారు. సినిమాల మంచిచెడ్డలు పక్కన పెడదాం. (నవ్వులు) వ్యాపారపరంగా ఆయన పట్టుకున్నది సరైన సూత్రమే. నాలుగు రోజులు అందరూ మాట్లాడుకునేదాన్ని, ఆ నాలుగు రోజుల్లోనే అమ్మేయాలి. 2021 మేలో సల్మాన్ ఖాన్ 'రాధే'ని జీ సంస్థ 249 రూపాయలకి పెడితే, మొదటి రోజే జనం తాకిడికి సర్వర్లు పడిపోయాయి. 2023 జూన్‌లో ఏపీ ఫైబర్‌నెట్ "ఫస్ట్ డే ఫస్ట్ షో" అని 99 రూపాయలకి 24 గంటలు చూసేలా మొదలుపెట్టింది. కేరళ ప్రభుత్వం 2024 మార్చిలో 'సీస్పేస్' అనే సొంత ఓటీటీ పెట్టి సినిమాకి 75 రూపాయలు అంది, అందులో సగం నిర్మాతకి. థియేటర్ దొరకని చిన్న సినిమాకి ఇలాంటి కిటికీ ఉండటం నాకు ఇష్టమే. కానీ రిలీజ్ రోజున ఎవరూ ఎదురుచూడని సినిమాకి పే-పర్-వ్యూ పెట్టడం కష్టమైన బేరం. నెలాగితే ఏదో ఓటీటీలో వస్తుందని ప్రేక్షకుడికి తెలుసు.

అమెరికాలో కూడా గాలి మారింది. 2014లో కుస్తీల కంపెనీ నెలకి 9.99 డాలర్ల నెట్‌వర్క్ పెట్టి, తన పెద్ద షోలన్నీ అందులోనే ఇచ్చేసింది. 2025 ఆగస్టులో యూఎఫ్‌సీ పారామౌంట్‌తో 7 ఏళ్లకి 770 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. దాంతో 2026 నుంచి అక్కడ దాని ఫైట్లకి విడిగా డబ్బు కట్టే పద్ధతి పోయింది. పే-పర్-వ్యూ కోసమే పుట్టిన సంస్థ దాన్ని వదిలేసింది చూడండి. ప్రతి ఫైట్‌కీ ఎంతమంది కొంటారో అని గుండె చేతిలో పెట్టుకునే కంటే, ఖాయమైన డబ్బు నయమనుకున్నారు.

ప్రశ్నలుంటే అడగండి.

ఒక విద్యార్థిని: సార్, మా బాబాయి వాళ్లు అమెరికాలో క్రికెట్‌కి డబ్బు కట్టి చూసేవాళ్లమని చెబుతారు. అది పే-పర్-వ్యూనేనా?

అదేనమ్మా. 2000ల్లో అక్కడ మామూలు ఛానళ్లలో క్రికెట్ రాదు. శాటిలైట్ కంపెనీలు టోర్నమెంట్ మొత్తాన్ని ఒక ప్యాకేజీగా అమ్మేవి. 2007 ప్రపంచకప్‌కి మనవాళ్లు ముందే డబ్బు కట్టి, సెలవులు కూడా చూసుకున్నారు. ఇండియా బంగ్లాదేశ్ చేతిలో, శ్రీలంక చేతిలో ఓడి మొదటి దశలోనే ఇంటికొచ్చేసింది. ప్యాకేజీ మాత్రం ఇంకా నెలకి పైగా మిగిలి ఉంది. (నవ్వులు) మీ బాబాయిని ఆ సంగతి అడగకు, బాధపడతారు.

ఒక విద్యార్థి: మరి ఇండియాలో క్రికెట్‌ని ఇలా ఎందుకు అమ్మలేదు సార్? ఇండియా-పాకిస్తాన్ మ్యాచ్‌కి 100 రూపాయలు పెట్టినా కొంటారు కదా?

కొంటారు. కానీ చట్టం అడ్డుంది. 2007 జనవరిలో వెస్టిండీస్ జట్టు ఇక్కడికి వచ్చినప్పుడు హక్కులు కొన్న ప్రైవేటు సంస్థ నింబస్‌కీ, దూరదర్శన్‌కీ గొడవైంది. ఢిల్లీ హైకోర్టు మధ్యేమార్గంగా దూరదర్శన్ 7 నిమిషాలు ఆలస్యంగా చూపించుకోవచ్చు అంది. 7 నిమిషాలే కదా అనిపిస్తుంది. కానీ పక్కింట్లో సిక్స్ కొట్టిన అరుపు వినిపించాక మన టీవీలో బౌలర్ ఇంకా రనప్ మొదలుపెడుతుంటే ఎలా ఉంటుందో ఊహించుకో. పెద్ద గోల జరిగింది. ఆ తర్వాత కేంద్రం ముందు ఆర్డినెన్స్, తర్వాత చట్టం తెచ్చింది. జాతీయ ప్రాముఖ్యం ఉందని ప్రభుత్వం ప్రకటించిన మ్యాచ్‌ల సిగ్నల్‌ని ప్రసార భారతికి లైవ్‌గా, ప్రకటనలు లేకుండా ఇవ్వాలి. ప్రకటనల ఆదాయంలో 75 శాతం హక్కుదారుకి, 25 శాతం ప్రసార భారతికి. దాంతో మన బార్సిలోనా పరిస్థితే. ఉచితంగా ఒక చోట వస్తున్న మ్యాచ్‌కి 100 రూపాయలు పెట్టి గేటు కట్టలేరు.

2017లో సుప్రీంకోర్టు ఇందులో ఒక మెలిక పెట్టింది. ఆ సిగ్నల్ దూరదర్శన్ సొంత యాంటెన్నా ప్రసారానికీ, దాని ఫ్రీ డిష్‌కీ మాత్రమే పరిమితం, ప్రైవేటు కేబుల్, డీటీహెచ్‌లలో వచ్చే డీడీ ఛానళ్లలో చూపించకూడదు అంది. కొన్ని మ్యాచ్‌లప్పుడు మీ కేబుల్‌లో డీడీ స్పోర్ట్స్ పెడితే ఇంకేదో వస్తుంటుంది చూడు, కారణం అదే. మా ఆపరేటర్ల తప్పు కాదు.